ఓరుగల్లు ఎండలో మొదటి విడత అల్లం బీరు

ఇంట్లో బీరు తయారు చేసుకుందామని సరదా పడేవాళ్లు ముందుగా అడిగేది మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) ఎక్కడ దొరుకుతుంది, హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) ఎవరు తెప్పిస్తారు అని. అంతకన్నా ముందే రెండు అడ్డంకులు ఎదురవుతాయి. మొదటిది చట్టం. తెలంగాణ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. ఇంటి అవసరానికే అన్నా ఊరుకోరు. రెండోది ఎండ. ఏల్ రకం బీరు పులియడానికి 18 నుంచి 22 డిగ్రీల చల్లదనం ఉండాలి, లాగర్ రకానికి అయితే 8 నుంచి 13. హన్మకొండలో మే నెలలో, ఫ్యాను తిరుగుతున్న గదిలో కూడా 36 తగ్గదు. ఆ వేడిలో బీరును పులియబెట్టే సూక్ష్మజీవి, ఈస్ట్, పరుగులు పెట్టి, తలనొప్పి తెచ్చే ఘాటు వాసనలన్నీ పుట్టిస్తుంది.

అందుకే మొదటి విడతకు అల్లం బీరు మంచిది. ఈస్ట్‌ను పెంచడం, చక్కెర కొలవడం, సీసాలో గ్యాస్ పట్టించడం, సరైన సమయానికి ఆపడం, ఇలా బీరు పనిలో ఉన్న మెలకువలు చాలావరకు ఇందులోనూ ఉన్నాయి. సరుకు అంగట్లో దొరుకుతుంది. వేళకు ఆపితే మద్యం లెక్కలోకి రాకుండా, గ్యాసు పట్టిన షరబత్తులా ఉంటుంది.

వంటల వీడియోల్లో "మూడు రోజులు ఉంచండి" అంటారు. అది చలి దేశాల లెక్క. మన ఎండాకాలంలో మూడు రోజులు ఉంచితే సీసా పగులుతుంది. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, ఇక సీసా ఎంత? గంటలు, రోజులు పక్కన పెట్టి, సీసాను వేళ్లతో నొక్కి చూడటం అలవాటు చేసుకోవాలి.

సామాను

లీటరు గాజు సీసా ఒకటి, పచ్చడి సీసా అయినా సరే. ఐదు లీటర్ల స్టీలు గంజు, చాయ్ జాలి, పలుచని నూలు గుడ్డ, గరాటు, గ్రాములు చూపే చిన్న కాటా కావాలి. కాటా లేకుండా చెంచాలతో కొలిస్తే ఒక విడతకు, ఇంకో విడతకు పొంతన ఉండదు.

సీసాల విషయంలో మాత్రం రాజీ వద్దు. కూల్‌డ్రింకు వచ్చిన 750 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాలు ఆరు చాలు. అడుగున ఐదు కాళ్లలాగా ఉబ్బెత్తు గడ్డలు ఉన్నవే గ్యాస్ ఒత్తిడికి చేసిన సీసాలు. మంచినీళ్ల సీసాలు పలుచగా ఉంటాయి, మూతలు కూడా ఒత్తిడికి ఆగవు. గ్యాస్ పట్టించడానికి గాజు జోలికి మొదటి విడతలో అసలు వెళ్లొద్దు. చదునుగా ఉండే మందు సీసాలు, జామ్ సీసాలు, సాస్ సీసాలు లోపలి ఒత్తిడికి తయారైనవి కావు. పగిలితే గాజు పెంకులు గదంతా చిమ్ముతాయి. పైగా గాజు ఎంత గట్టిపడిందో నొక్కి చూసే వీలు లేదు.

ప్లాస్టిక్ సీసాల్లో మరిగే నీళ్లు పోయకండి, ముడుచుకుపోతాయి. గిన్నెల సబ్బుతో కడిగి, వాసన పోయేదాకా తొలిచి, చివర్లో కాచి చల్లార్చిన నీళ్లతో ఒకసారి ఆడించి బోర్లించండి. మూతలను విడిగా వేడి నీళ్లలో వేసి తీయండి. తర్వాత ప్రతి సీసాలో సగం నీళ్లు పోసి, మూత బిగించి, తలకిందులు చేసి గట్టిగా పిసకండి. చుక్క కారినా ఆ మూత పనికిరాదు. గ్యాస్ పట్టలేదని బాధపడేవాళ్లలో చాలామందికి అసలు లోపం మూతలోనే ఉంటుంది.

నీళ్లు, అల్లం, బెల్లం

నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది ఉన్నదే సూక్ష్మజీవుల్ని చంపడానికి, మన ఈస్ట్‌ను మాత్రం ఎందుకు వదులుతుంది? పావుగంట మరగబెట్టి చల్లార్చండి, లేదా వెడల్పు మూతి బిందెలో పోసి రాత్రంతా మూత లేకుండా పైన గుడ్డ కట్టి ఉంచండి. బబుల్ డబ్బాలో వచ్చే ఫిల్టర్ నీళ్లకు ఈ బాధ లేదు. వాటిలో ఖనిజాలు తక్కువ, ఆ లోటు బెల్లం తీరుస్తుంది.

అల్లం తొక్క మీదే అడవి ఈస్ట్ ఉంటుంది. కాబట్టి తొక్క తీయొద్దు. మట్టి పోయేలా మామూలు నీళ్లతో కడిగితే చాలు. తళతళ మెరిసే అల్లం తీసుకోకండి. మెరుపు కోసం యాసిడ్‌లో ముంచి కడిగే వ్యాపారులు ఉన్నారు, ఆ తొక్క మీద ఏదీ బతకదు. గోటితో గీరితే తొక్క పొరలు పొరలుగా ఊడిపోతుంటే అనుమానించాల్సిందే. జహీరాబాద్ వైపు నుంచి వచ్చే, మట్టి అంటుకున్న ముతక అల్లం చూడటానికి బాగుండదు గానీ పనికి అదే మేలు.

బెల్లం మధ్యరకం గోధుమ రంగులో ఉండాలి. మరీ పసుపుపచ్చగా నిగనిగలాడే బెల్లంలో రంగు తేలడానికి హైడ్రోస్ కలుపుతారు. అది గంధకపు సరుకు, ఈస్ట్‌ను అణిచేస్తుంది. నల్లబెల్లం అయితే పానకం చేదెక్కుతుంది. అదీగాక గుడుంబా పుణ్యమా అని నల్లబెల్లం, పటిక కొనేవాళ్ల మీద ఎక్సైజ్ వాళ్ల కన్ను ఎప్పుడూ ఉంటుంది. ఓ కిలో బెల్లం కోసం సంజాయిషీ చెప్పుకునే తిప్పలు మనకెందుకు?

అల్లం తోడు

పెరుగుకు తోడు ఎలాగో దీనికీ అలాగే. గాజు సీసాలో 500 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, తొక్కతో తురిమిన అల్లం 25 గ్రాములు, చక్కెర 25 గ్రాములు వేసి కలపండి. మూతికి నూలు గుడ్డ కట్టి, ఎండ తగలని చోట పెట్టండి. రోజుకోసారి 15 గ్రాముల అల్లం తురుము, 15 గ్రాముల చక్కెర వేస్తూ, పొద్దున సాయంత్రం శుభ్రమైన గరిటెతో తిప్పుతూ ఉండాలి. తోడుకు బెల్లం వద్దు. బెల్లంతో వచ్చే మడ్డిలో ఏది ఈస్టో ఏది మట్టో తెలియదు.

మొదటి రోజు ఏమీ కనబడదు. తర్వాత తురుము పైకి తేలి గట్టు కట్టడం మొదలవుతుంది. గరిటె పెట్టగానే అంచుల వెంట సన్నని బుడగలు చుర్రుమని లేస్తాయి, అడుగున తెల్లని మడ్డి పేరుకుంటుంది. చక్కెర వేసిన రెండు మూడు గంటల్లో నురగ వస్తుంటే తోడు సిద్ధమైనట్టే. డిసెంబరు, జనవరిలో దీనికి ఆరేడు రోజులు పడుతుంది, వానాకాలంలో నాలుగైదు, వేసవిలో రెండు మూడు. చూడాల్సింది బుడగలనే, రోజుల లెక్క అటూఇటూ అవుతుంది.

40 డిగ్రీలు దాటిన గదిలో మాత్రం తోడు పెట్టొద్దు. ఆ వేడికి ఈస్ట్ నీరసించి, పులుపు పుట్టించే బ్యాక్టీరియాది పైచేయి అవుతుంది. పొద్దున తియ్యగా దిగిన కల్లు మధ్యాహ్నానికే పులిసిపోవడం వెనక ఉన్నదీ ఇదే. వెడల్పు టబ్బులో నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి, అందులో సీసా పెట్టి, చుట్టూ తడి గోనెసంచి కప్పండి. సంచి అంచు నీళ్లలో మునిగి ఉంటే తడి తానే పైకి ఎక్కుతుంది. కూలర్ గాలి తగిలేలా పెడితే ఏప్రిల్, మే పొడిగాలికి ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. మృగశిర దాటి గాలిలో తేమ పెరిగాక ఈ ఉపాయం అంతగా పనిచేయదు, అప్పటికి దాని అవసరమూ తగ్గుతుంది.

మూడు నాలుగు రోజులైనా చలనం లేకపోతే అల్లం మార్చండి. నల్ల ఎండుద్రాక్ష నాలుగు వేసినా కదలిక వస్తుంది. పసుపురంగు కిస్‌మిస్ వేయకండి, దానికి గంధకం పొగ పట్టించి ఉంటారు. అప్పటికీ రాకపోతే బేకరీ సామాన్ల దుకాణంలో దొరికే ఇన్‌స్టంట్ ఈస్ట్ ఉంది. నాలుగు లీటర్ల పానకానికి అర గ్రాము, అంటే రెండు వేళ్లకు వచ్చిన చిటికెడు చాలు. బుడగలు ఖాయం, కాకపోతే కాస్త బ్రెడ్డు వాసన వస్తుంది.

పానకం

నాలుగు లీటర్ల లెక్క ఇది: అల్లం 200 గ్రాములు, చక్కెర 250, బెల్లం 100, నిమ్మరసం 120 మిల్లీలీటర్లు (ఐదారు కాయలు), ఉప్పు చిటికెడు, వడగట్టిన తోడు 250 మిల్లీలీటర్లు. ఘాటు కావాలంటే పది మిరియాలు దంచి వేయొచ్చు.

అల్లం కచ్చాపచ్చాగా దంచి, లీటరున్నర నీళ్లలో వేసి, మూత పెట్టి సన్నని మంట మీద పావుగంట మరగనివ్వండి. మూత తీసి మరిగిస్తే అల్లం వాసన వంటింట్లోనే మిగులుతుంది. పొయ్యి ఆపి బెల్లం, చక్కెర, ఉప్పు వేసి కరిగించండి. బెల్లం తెట్టు తేలితే తీసేయండి. జాలిలో ఒకసారి, నూలు గుడ్డలో ఇంకోసారి వడగట్టండి. పిప్పి ఎంత తక్కువ మిగిలితే తర్వాత సీసా తీసినప్పుడు అంత తక్కువ పొంగుతుంది.

కాచి చల్లార్చిన నీళ్లు, నిమ్మరసం కలిపి మొత్తం 3.75 లీటర్లకు తీసుకురండి. నిమ్మరసం పుల్లదనం కోసమే కాదు. పులుపు తగినంత లేని తీపినీళ్లను మూత బిగించి పెట్టడం ప్రమాదం, చెడు బ్యాక్టీరియా చేరుతుంది. నిమ్మకాయల ధర మండిపోయే నెలల్లో 6 గ్రాముల నిమ్మ ఉప్పు వాడినా సరిపోతుంది.

తోడు కలిపే ముందు పానకం 30 డిగ్రీలకు దిగాలి. గంజు బయట చెయ్యి ఆనిస్తే చల్లగా తోచాలి, గోరువెచ్చగా ఉన్నా ఆగండి. తొందరపడి వేడిలో తోడు పోస్తే వారం రోజుల పెంపకం నిమిషంలో పోతుంది. ఎండాకాలంలో కాచి చల్లార్చిన నీళ్లు ముందు రోజే ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఈ పని పది నిమిషాల్లో అయిపోతుంది. చివరగా తోడు పోసి, కలిపి, గరాటుతో ఆరు సీసాల్లో సమంగా సర్దండి. ఒక్కో దాంట్లో 660 మిల్లీలీటర్లు పడి, పైన నాలుగైదు వేళ్ల ఖాళీ మిగలాలి. నిండా నింపితే గ్యాస్‌కు చోటుండదు.

తీసిన తోడు స్థానంలో 250 మిల్లీలీటర్ల నీళ్లు, 15 గ్రాముల అల్లం, 15 గ్రాముల చక్కెర వేసి మళ్లీ నడిపించుకోవచ్చు.

సీసా నొక్కి చూడటం

మూత బిగించగానే సీసా నడుమును బొటనవేలితో నొక్కి, ఎంత లోపలికి పోతుందో గుర్తుపెట్టుకోండి. పక్కనే మూత తీయని కూల్‌డ్రింకు సీసా ఒకటి, అదే వేడిలో ఉంచుకుంటే పోల్చుకోవడం తేలిక. మనది అంత గట్టిపడకముందే, వేలికి గట్టిగా తగలగానే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. మే నెలలో పది పన్నెండు గంటల్లోనే ఆ స్థితికి రావచ్చు. ఆగస్టులో ఒక రోజు, సంక్రాంతి చలిలో రెండు మూడు రోజులు. వేసవిలో సాయంత్రం సీసాలు కట్టి నిద్రపోకండి. పొద్దున్నే కట్టి, మధ్యాహ్నం నుంచి గంటకోసారి నొక్కి చూడండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గ్యాస్ చల్లని నీళ్లలో బాగా కరుగుతుంది, వేడి నీళ్లలో అంతగా కరగదు. 35 డిగ్రీల దగ్గర పట్టే దానికి రెట్టింపుకు పైగా 5 డిగ్రీల దగ్గర పడుతుంది. అందుకే వేసవిలో సీసా తొందరగా రాయిలా అవుతుంది, తీరా ఫ్రిజ్‌లో పెడితే మెత్తబడుతుంది. గ్యాస్ ఎటూ పోలేదు, పానకంలోకి దిగింది. మెత్తబడిందని మళ్లీ బయట పెట్టేవాళ్లు ఉన్నారు, సీసాలు పగిలేది అక్కడే. కనీసం పన్నెండు గంటలు ఫ్రిజ్‌లో కదలకుండా ఉంచి ఆ తర్వాతే తీయండి.

మూత తీసేటప్పుడు సింకు మీద పట్టుకుని, కొద్దిగా తిప్పి బుస్సుమనగానే ఆపండి. నురగ దిగాక ఇంకాస్త తిప్పండి. అడుగు మడ్డిని కదపకుండా వంచుకుంటే తేటగా వస్తుంది.

మత్తు లెక్క

ఈ పానకంలో లీటరుకు సుమారు 87 గ్రాముల తీపి ఉంది. ఈస్ట్ దాన్నంతా తింటే 5 శాతం ఆల్కహాల్ తయారవుతుంది, అది బీరే. కానీ ఆ గ్యాసంతా మూత వేసిన సీసాలో ఇమడదు. లీటరు పానకంలో లీటరు గ్యాస్ కరగడానికి సుమారు 4 గ్రాముల చక్కెర ఖర్చవుతుంది. లీటరుకు రెండు లీటర్ల గ్యాస్ అంటే 8 గ్రాముల చక్కెర, అంటే దాదాపు అర శాతం ఆల్కహాల్. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణాల్లో 0.5 శాతం దాటిన పానీయం మద్యం కిందికి వస్తుంది. కాబట్టి సీసా గట్టిపడగానే ఆపడం భద్రతకూ, చట్టానికీ రెండింటికీ అవసరం. తోడులోనూ కొంత ఆల్కహాల్ ఉంటుంది గనుక కాస్త ముందే ఆపితే మంచిది. గ్యాస్ ఇంకా కావాలనిపిస్తే గిలాసలో మూడొంతులు ఇది పోసి, పైన గోలీసోడా కొట్టుకోండి. గ్యాస్ వదిలేసి మళ్లీ పులియబెట్టడం, మూత లేకుండా రోజుల తరబడి ఉంచడం చేస్తే లెక్క తప్పుతుంది, చట్టం దృష్టిలోనూ వేరే పని అవుతుంది. అమ్మకం ఊసే వద్దు.

ఎంత ముందు ఆపినా ఇందులో ఆల్కహాల్ బొత్తిగా లేదని చెప్పలేం. పిల్లలకు, గర్భిణులకు, మందు ముట్టని నియమం ఉన్నవాళ్లకు షరబత్తని చెప్పి ఇవ్వకండి.

కచ్చితంగా కొలవాలనుకునేవాళ్లు, ద్రవం నీళ్లకన్నా ఎంత చిక్కనో చూపే హైడ్రోమీటర్ తెప్పించుకోవచ్చు. మొదట్లో 1.034 దగ్గర చూపిస్తుంది, 1.030కి దిగితే అర శాతం అయినట్టు. అయితే చాలా హైడ్రోమీటర్లు 20 డిగ్రీలకు గీతలు గీసినవి. 35 డిగ్రీల పానకంలో ముంచితే వేడి వల్లనే నాలుగు పాయింట్లు (0.004) తక్కువ చూపిస్తుంది, అంటే మనం వెతికే తేడా అంతా అందులోనే కొట్టుకుపోతుంది. రెండుసార్లూ నమూనాను ఒకే చల్లదనానికి తెచ్చి, గ్యాస్ పోయేలా బాగా తిరగబోసి కొలవాలి.

తేడా వస్తే

తోడు మీద నూగులాంటి బూజు, అది తెలుపైనా పచ్చదైనా నలుపైనా, కనబడితే మొత్తం పారబోయండి. పైపొర తీసేసి వాడొద్దు. పానకం గరిటె నుంచి తీగలా సాగితే చక్కెరను జిగురుగా మార్చే బ్యాక్టీరియా పట్టిందన్నమాట. సీసా, గరిటె, గుడ్డ అన్నీ మరగబెట్టి మళ్లీ మొదలుపెట్టాలి. గోళ్ల రంగు వాసన వచ్చినా పారబోయడమే, అది వేడి దెబ్బ. కోడిగుడ్డు కంపు మాత్రం భయపడాల్సింది కాదు, ఈస్ట్ ఇబ్బంది పడ్డప్పుడు వస్తుంది. చల్లారిన సీసా మూత ఒకసారి వదులు చేసి బిగిస్తే చాలావరకు పోతుంది. మూత తీయగానే సగం పొంగిపోతే పిప్పి ఎక్కువైనా ఉండాలి, సరిగా చల్లబడకపోయినా ఉండాలి.

ఫ్రిజ్ ఈస్ట్‌ను నెమ్మదింపజేస్తుంది, చంపదు. రెండు రోజులకోసారి నొక్కి చూస్తూ, రాయిలా ఉంటే మూత కొంచెం వదిలి బిగించండి. వారంలోపు తాగేయండి. ఎండాకాలంలో గంటల తరబడి కరెంటు పోతే ముందు గుర్తు రావాల్సినవి ఈ సీసాలే. ఫ్రిజ్ తెరిచి అన్నింటి గ్యాస్ వదలండి.

తోడును వాడని రోజుల్లో మూత వదులుగా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, వారానికోసారి ఒక చెంచా అల్లం, ఒక చెంచా చక్కెర వేస్తే చాలు. మళ్లీ వాడేముందు ఒక రోజు బయటపెట్టి, తినిపించి, బుడగలు వచ్చాకే తీయండి.

జనవరి నుంచి మార్చి దాకా ఆర్మూర్, మెట్‌పల్లి వైపు పసుపు తవ్వుతారు. ఆ రోజుల్లో పచ్చి పసుపు కొమ్ములు దొరికితే 200 గ్రాముల అల్లంలో 50 గ్రాములు తగ్గించి, అంత పసుపు వేసి చూడండి. పచ్చి పసుపు తొక్క మీద కూడా ఈస్ట్ ఉంటుంది, తోడులో వేసినా పనిచేస్తుంది. ప్లాస్టిక్‌కు ఆ రంగు పట్టిందంటే ఇక వదలదు, అందుకని రెండు సీసాలు దానికే విడిగా పెట్టుకోండి.